మ్యూజియంలో పిల్లల్ని కాసేపు నిలబడనివ్వండి

(హనుమకొండలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చారు, కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ఇంకో నెల పోతే మన స్కూళ్లలో టూర్ల సందడి మొదలవుతుంది. ఎక్కడికి పోదామని స్టాఫ్ రూమ్‌లో మాట వస్తుంది. పిల్లల్ని అడిగితే వాటర్ పార్క్ అంటారు. వాళ్ల వయసుకు అది న్యాయమే. చివరికి హైదరాబాద్ ఖాయమవుతుంది. తెల్లవారుజామున బస్సు, దారిలో ఎక్కడో ఆపి ఉప్మా, తర్వాత జూపార్క్, చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా మందిర్, చీకటి పడేసరికి ట్యాంక్‌బండ్. ఈ లెక్కలో సాలార్‌జంగ్‌కు దక్కేది ముప్పావు గంట. టికెట్లకు, బ్యాగులు అప్పజెప్పడానికి, బాత్‌రూమ్‌లకు అందులో పావుగంట పోతుంది.

మిగిలిన అరగంట ఎట్లా గడుస్తుందో మీకు తెలియంది కాదు. పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి రైలు కడతారు. ముందు పీఈటీ సార్, వెనక తెలుగు మేడం. "నడువు నడువు, వెనక వాళ్లు ఆగిండ్రు." దంతం కుర్చీలు, కత్తులు, చైనా పింగాణీ అన్నీ కిటికీలోంచి కనబడే ఊళ్లలాగా వెనక్కి పోతుంటాయి. ఆ రైలు ఆగేది ఒక్క గడియారం దగ్గరే. గంట గంటకూ ఒక గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి, గంట కొట్టి లోపలికి పోతుంది. మీరు గమనించారో లేదో, అదే గడియారంలో ఒక కమ్మరి బొమ్మ కూడా ఉంది. సెకన్ల లెక్కన సుత్తి వేస్తూనే ఉంటాడు. జనమంతా గడ్డం ఆయన కోసం చూస్తుంటారు, పాపం కమ్మరి వైపు ఎవరూ చూడరు.

టూర్ మానేయండని చెప్పడానికి నేను రాలేదు. మ్యూజియంకు పోయినప్పుడు చూసే వస్తువులు తగ్గించండి, ఒక్కో వస్తువు ముందు నిలబడే టైమ్ పెంచండి. నాకున్న మాట ఇదొక్కటే. మిగతాదంతా ఎందుకు, ఎట్లా అని చెప్పడమే.

ముందు ఎందుకో చెబుతాను. అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలో బెంటన్‌విల్ అనే చిన్న పట్నం ఉంది. వాల్‌మార్ట్ పుట్టిన ప్రాంతం. అక్కడ 2011 నవంబరులో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే ఆర్ట్ మ్యూజియం తెరిచారు. అంతకుముందు ఆ చుట్టుపక్కల పిల్లలకు అంత పెద్ద మ్యూజియం అందుబాటులో లేదు. మ్యూజియం వాళ్లు ఒక నిధి పెట్టి బస్సు ఖర్చు, పిల్లల భోజనం, టూర్‌కు వచ్చిన టీచర్ల బదులు స్కూల్లో పాఠం చెప్పే వాళ్ల జీతం కూడా తామే భరించారు. ఇంకేముంది, 525 స్కూల్ బృందాలు దరఖాస్తు పెట్టుకున్నాయి. అందరినీ ఒకేసారి తీసుకోలేరు కదా, లాటరీ వేశారు. ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో జే గ్రీన్, ఆయన తోటి పరిశోధకులు ఈ లాటరీని పట్టుకున్నారు. పేరు వచ్చిన పిల్లలు, రాని పిల్లలు, మిగతా అన్నింటిలో ఒకే తీరు వాళ్లు. ఇద్దరినీ పోల్చితే టూర్ వల్ల ఏం మారిందో తేలిపోతుంది. 123 స్కూళ్ల నుంచి దాదాపు 11,000 మంది పిల్లల్ని పరిశీలించి 2013లో ఫలితాలు చెప్పారు.

ఆ టూర్ ఎంతసేపో వినండి. ఒక గంట. ఆ గంటలో మామూలుగా చూసినవి అయిదు బొమ్మలు. గదుల నిండా బొమ్మలున్న చోట అయిదే అయిదు. వాటి ముందు నిలబడి మాట్లాడుకున్నారు, అంతే.

కొన్ని వారాల తర్వాత స్కూలుకు వెళ్లి అడిగితే పిల్లలకు గుర్తున్నవి చూసి నాకే ఆశ్చర్యమేసింది. ఈస్ట్‌మన్ జాన్సన్ అనే ఆయన వేసిన ఒక బొమ్మ ఉంది. అడవిలో ఒక క్యాంపు, జనం కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ మేపుల్ చెట్ల పాకం కాస్తుంటారు. చక్కెర తయారీ అప్పట్లో బానిసల చాకిరీ మీద నడిచేది. ఆ చక్కెర మాకొద్దని బానిసత్వాన్ని వ్యతిరేకించిన వాళ్లు చెట్ల పాకం కాసుకునేవారు. బొమ్మ వెనకున్న ఈ సంగతి 88 శాతం పిల్లలకు గుర్తుంది. మన పిల్లలకు ఇది చెబితే ఇంకా తొందరగా ఎక్కుతుంది. విదేశీ బట్ట కాల్చి ఖద్దరు కట్టిన తాతల కథ వాళ్లు ఆరో తరగతి నుంచీ వింటున్నదే. మనం సోషల్ పరీక్షకు రాయించి, మళ్లీ రాయించి, బట్టీ పట్టించిన సంవత్సరాలు మూడు వారాల తర్వాత ఎంతమందికి గుర్తుంటాయో ఇక్కడున్న సోషల్ సార్లకు తెలుసు. నేను చెప్పను.

జ్ఞాపకం ఒక్కటే అయితే దీన్ని ఇంతసేపు చెప్పేవాణ్ణి కాదు. పిల్లలు అంతకుముందు చూడని ఒక కొత్త బొమ్మ ఇచ్చి, ఇందులో ఏం జరుగుతోంది, అట్లా అని ఎందుకనిపించింది, రాయండి అన్నారు. మ్యూజియంకు పోయొచ్చిన వాళ్లు ఎక్కువ వివరాలు పట్టుకున్నారు, తమ మాటకు ఆధారం చూపించారు. తేడా మొత్తం మీద కొంచెమే. కానీ పల్లెటూళ్ల నుంచి వచ్చిన పిల్లల్ని విడిగా చూస్తే ఆ తేడా సగటుకు మూడింతలకు పైగా ఉంది. ఆలోచిస్తే సబబే. పట్నం పిల్లవాడికి ఇంకో పది దారులున్నాయి. ఊరి పిల్లకు స్కూల్ బస్సే దారి. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన టీచర్లు ఈ ముక్క నోట్ చేసుకోండి, రేపు టూర్‌కు పర్మిషన్ అడిగేటప్పుడు అక్కరకొస్తుంది.

ఇప్పుడు మన సాలార్‌జంగ్‌కు వద్దాం. 1951 డిసెంబరులో నెహ్రూ ప్రారంభించిన మ్యూజియం అది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు. వారసులు లేకుండా పోయిన ఆ ఒక్క మనిషి జీవితమంతా సేకరించిన సరుకు, దానికి తోడు తండ్రి, తాతల నాటివి. వాళ్ల తాత మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నదే మేలిముసుగు రెబెకా. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ.

నేను సర్వీసులో ఉండగా ఒక ఏడాది హెచ్‌ఎం గారిని బతిమాలి, జూపార్క్ తీసేయించి, తొమ్మిదో తరగతి పిల్లలతో మ్యూజియంలో సగం రోజు గడిపాను. రెబెకా దగ్గర పేరు చెప్పలేదు, శిల్పి పేరు చెప్పలేదు. చుట్టూ తిరిగి చూడండి, కాసేపు ఎవరూ మాట్లాడొద్దు అన్నాను. మొదటి నిమిషం కిచకిచలు, మోచేతి పొడుపులు. ఇవి ఎట్లాగూ తప్పవు, ఓపిక పట్టాలి. రెండో నిమిషంలో కొందరు వెనక్కి పోయి చూడడం మొదలుపెట్టారు. అప్పుడు అడిగాను, ఏం కనిపిస్తోందిరా అని. ఒకరు దేవత అన్నారు, ఒకరు పెళ్లికూతురు అన్నారు. ఒక అమ్మాయి, ఈమె ఏడుస్తోంది అంది. ఎట్లా తెలుసమ్మా అంటే, తల వంచింది కదా సార్ అంది. సిగ్గుపడినా తల వంచుతరు అని పక్కమ్మాయి.

వీళ్లు ఇట్లా వాదులాడుకుంటుంటే కొత్తవాడ పిల్లవాడు ఒకడు అద్దం ముందు నిలబడ్డట్టు దాని ముందే నిలబడిపోయాడు. వాళ్లింట్లో జంపఖానాలు నేస్తారు. క్లాసులో వాడి గొంతు నేను విన్నది అటెండెన్స్ అప్పుడే. వాడు మెల్లగా అన్నాడు: "సార్, ముఖం మీది బట్ట వేరు, కింద కట్టుకున్న బట్ట వేరు. మడతలు చూడుండ్రి. పైది పలచన, అందుకే ముక్కు కనబడుతుంది. కిందిది మందం, మడత లావుగ పడ్డది." రాయి ఒకటే కదరా అన్నాను. "రాయి ఒకటే సార్, నేత రెండు తీర్లు."

నేను బొమ్మలు వేయడం నేర్చుకున్నవాణ్ణి, బట్ట మడతలకు నీడలు ఎట్లా వేయాలో పిల్లలకు చెప్పినవాణ్ణి. ఆ మాట నాకు తట్టలేదు. నా కన్ను ముసుగు మీదే ఆగింది, వాడి కన్ను నూలు మీదికి పోయింది. మగ్గం పక్కన పెరిగినందుకు వాడికి ఆ చూపు వచ్చింది. బడిలో దానికి మార్కులు లేవు. ఆ పూట మిగతా పిల్లలంతా వాడి వెనకే తిరిగారు, ఇది ఏం బట్టరా, అది ఏం బట్టరా అని.

బైబిల్ కథ, ఇస్సాకును చూడగానే రెబెకా ముసుగు కప్పుకోవడం, శిల్పి పేరు, సంవత్సరం, అన్నీ ఆ తర్వాత చెప్పాను. అప్పుడు వాళ్లకు వినాలని ఉంది. ముందే చెప్పి ఉంటే అవి నోట్‌బుక్కులోకి పోయేవి, కళ్లు బొమ్మ మీద నుంచి లేచిపోయేవి.

ఇది నా సొంత తెలివి కాదు. న్యూయార్క్‌లో మోమా అనే ఆధునిక కళల మ్యూజియంలో పనిచేసిన ఫిలిప్ యెనవైన్, అబిగైల్ హౌసెన్ అనే పరిశోధకురాలు కలిసి చాలా ఏళ్ల కిందటే ఒక పద్ధతి తయారుచేశారు. అందులో ఉన్నవి మూడే ప్రశ్నలు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? నీకు అట్లా అనిపించడానికి ఏం కనబడింది? ఇంకా ఏమైనా కనబడుతోందా? టీచర్ తప్పు, ఒప్పు అనకూడదు. పిల్ల చెప్పిన మాటను వేలుతో బొమ్మ మీద చూపిస్తూ తిరిగి చెప్పాలి. వినడానికి తేలికే. చేసి చూడండి, మనకున్న పెద్ద కష్టం తెలుస్తుంది. జవాబు తెలిసి కూడా నోరు మూసుకోవడం మాస్టార్లకు ప్రాణసంకటం.

ఈ మూడింట్లో రెండోది గట్టిది. "ఏం కనబడి అట్లా అంటున్నవ్?" ఇదొక్కటి అలవాటైతే పిల్లలు దాన్ని మ్యూజియంలోనే వదిలేసి రారు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోను కూడా అదే అడుగుతారు.

హైదరాబాద్ దాకా పోలేమండీ అంటారు. నిజమే, రానుపోను మూడొందల కిలోమీటర్లు, డబ్బుతో పని. మన వరంగల్ కోటలోకి పోండి. తోరణాల దగ్గర అందరూ గ్రూప్ ఫోటో దిగి వెనక్కి తిరుగుతారు. 2014లో రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కినవి కాబట్టి వాటి ముందు ఫోటో ఉండాల్సిందే, కాదనను. నాలుగడుగులు ముందుకేస్తే ఖుష్‌మహల్ ఉంది. షితాబ్‌ఖాన్ మహల్ అని కూడా అంటారు. కింద వెడల్పుగా మొదలై పైకి పోతున్నకొద్దీ లోపలికి వాలే గోడలు, పెద్ద పెద్ద కమానులు, ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే ఒకే ఒక పొడవాటి హాలు. అందులో కోటలో దొరికిన శిల్పాలు వరసగా పెట్టారు. అద్దాల పెట్టెలు లేవు, జనం తక్కువ. పిల్లలు కింద కూర్చుని బొమ్మ గీసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. పురావస్తు శాఖ చోట్లలో పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ కూడా ఉండదు.

అక్కడొక చిక్కు వస్తుంది, ముందే చెబుతున్నా. చేతులు విరిగినవి, ముఖం పోయినవి కనబడగానే ఏడో తరగతి పిల్ల అడిగే మొదటి ప్రశ్న, దీన్ని ఎవరు పగలగొట్టిండ్రు సార్ అని. కొందరు మాస్టార్లు దాటేస్తారు. ఇంకొందరు ఆవేశంగా ఒక ఉపన్యాసం ఇచ్చేస్తారు. రెండూ పిల్ల చూపును అక్కడితో ఆపేస్తాయి. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్‌ఖాన్ సైన్యం ఓరుగల్లును గెలిచింది, కోటలోని స్వయంభూ ఆలయం కూలింది. ఇది చరిత్ర, దాచడానికేం లేదు, చెప్పండి. చెప్పాక మళ్లీ రాయి దగ్గరికి తీసుకురండి. ఈ విరుగు నునుపుగా ఉందా, గరుకుగా ఉందా? దెబ్బతో విరిగితే ఎట్లా ఉంటుంది, పడి విరిగితే ఎట్లా ఉంటుంది, వానలకు అరిగితే ఎట్లా ఉంటుంది? ఒకే హాల్లో మూడు రకాలూ దొరుకుతాయి. ఆ తర్వాత తల ఎత్తి కమాను చూడమనండి. కాకతీయుల తర్వాత వచ్చిన పాలకుల కట్టడం కింద కాకతీయుల శిల్పాలు ఉన్నాయి. దీని మీద ఏమనుకోవాలో మనం చెప్పనక్కర్లేదు. వాళ్లకు బుర్ర ఉంది.

రామప్ప సంగతి వేరే చెప్పాలా. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకు ఎక్కింది. అప్పటి నుంచి బస్సులు పెరిగాయి, హడావిడి కూడా పెరిగింది. నీళ్లలో తేలే ఇటుక, సూది దూరే సందు, మీటితే పలికే రాయి, ఇట్లా వింత మీద వింత చూపిస్తూ పిల్లల్ని తిప్పేస్తారు. వింతలు వద్దని కాదు గానీ, వాటికి చప్పట్లు కొట్టేస్తే పని అయిపోతుంది. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ల బొమ్మలు ఉన్నాయి. ఒక్క మదనికను ఎంచుకోండి. ఎత్తు మడమల చెప్పులేసుకున్న ఆమెనే తీసుకోండి, పిల్లలకు సరదాగా ఉంటుంది. ఆమె లాగా నిలబడమనండి. నడుము ఎటు వంగింది, బరువు ఏ కాలి మీద ఉంది, ఆ కాలు ఎంతసేపటికి నొప్పి పుడుతుంది? ఒంటితో చూడడం అంటారే, అది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టింది ఈ గుడి శిల్పాల భంగిమలు, జాయప సేనాని రాసిన నృత్త రత్నావళి గ్రంథం దగ్గర పెట్టుకునే. గ్రానైట్ పాలిష్ పని చేసే వాళ్ల పిల్లలు మీ బడిలో ఉంటే వాళ్లను ముందు వరసలో ఉంచండి. మెషిన్ లేకుండా ఈ నల్లరాయికి ఇంత నునుపు ఎట్లా తెచ్చారన్న అనుమానం మొదట వాళ్లకే వస్తుంది, ఆ అనుమానం ఎంత పెద్దదో వాళ్లకే తెలుసు.

రాతి బొమ్మలే కాదు. తోట వైకుంఠం గారిది మన కరీంనగర్ వైపు బూరుగుపల్లి. ఆయన బొమ్మ ప్రింట్ ఒకటి క్లాసులో పెట్టి చూడండి, ఆ బొట్టు, ఆ ముక్కుపుడక చూడగానే మా నాయనమ్మ అంటారు. చేర్యాల నకాషీ పటం ఇంకో మంచి సాధనం. బట్టకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఎర్రటి నేల మీద కులపురాణాలు గీసేవారు. కాకిపడగల వాళ్లు ఆ పటం విప్పుతూ రాత్రంతా కథ చెప్పేవారు. బొమ్మ చూసి కథ చెప్పడం మనకేం కొత్త కాదన్నమాట, మధ్యలో బడి వచ్చి మాన్పించింది.

ఇక మార్కుల సంగతి. పేరెంట్స్ మీటింగ్‌లో ఎవరో ఒకరు లేస్తారు. పదో తరగతి పిల్లలకు ఈ షికార్లు ఎందుకు సార్, స్పెషల్ క్లాసులు పెట్టండి అంటారు. వాళ్ల టెన్షన్ వాళ్లది. అట్లాంటాలో గ్రీన్ గారి బృందమే ఇంకో పరిశీలన చేసింది. కొందరు పిల్లల్ని ఒకే ఏడాదిలో ఆర్ట్ మ్యూజియంకు, నాటకానికి, సంగీత కచేరీకి తీసుకుపోయారు. మూడు రోజుల పాఠాలు పోయాయి కదా, మార్కులు పడిపోవాలి. పడలేదు. నేను మాత్రం పదో తరగతితో మొదలుపెట్టమని అనను. ఏడు, ఎనిమిది తరగతులు మంచివి. అప్పటికి సిగ్గు పూర్తిగా రాదు, అల్లరి కొంచెం తగ్గుతుంది.

టీచర్లకు చివరగా రెండు మూడు పని మాటలు. మీరు ముందు ఒక్కరే వెళ్లి రండి. మూడు వస్తువులు ఎంచుకోండి, అందులో ఒకటి మీకు అర్థం కానిది ఉండాలి. పిల్లలు వెతికి మీకు చెబుతారు. లేబుళ్లు ఎక్కించుకోమని నోట్‌బుక్ ఇవ్వకండి. పెన్సిల్, తెల్ల కాగితం ఇవ్వండి. గీసింది బాగుందా లేదా అనొద్దు, డ్రాయింగ్ సార్‌గా చెబుతున్నా, అక్కడ దానికి విలువ లేదు. గీయాలంటే చూడక తప్పదు, అందుకే గీయించడం. యాభై మందిని ఒక బొమ్మ ముందు నిలబెట్టకండి, వెనక వాళ్లకు ముందు వాళ్ల జడలు తప్ప ఏం కనబడవు. పదిహేను మంది చొప్పున విడగొట్టండి. తోడు టీచర్లు చాలకపోతే తల్లుల్ని పిలవండి. ఇక్కడున్న అమ్మలూ, మిమ్మల్ని పిలిస్తే వంట డ్యూటీ అనుకోకండి, మీరూ వచ్చి బొమ్మ చూడండి. తిరిగొచ్చాక వ్యాసం రాయించకండి. వారం ఆగి, మొన్న చూసినవాటిలో ఒకటి ఇంట్లో ఎవరికైనా చెప్పారా అని అడగండి. మీ టూర్ ఎట్లా జరిగిందో దాంతో తెలిసిపోతుంది.

ఆ ఇంకోటి, మరిచిపోతున్నా. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు. ఇంతదూరం పోయి గేటు ముందు ఫోటో దిగి వచ్చిన స్కూల్ వాళ్లు నాకు తెలుసు. కాబట్టి బస్సు మాట్లాడేముందు క్యాలెండర్ చూసుకోండి. ఏమన్నా అడిగేదుంటే అడగండి. వెనక వరసలో మేడం గారు ఎప్పటినుంచో చెయ్యెత్తి ఉన్నారు, ముందు వారికి మైక్ ఇవ్వండి.